సంగీతమునకు నగరమే శరణ్యమా?

మంచి కచేరీ వినగోరు జిల్లావాసి నగరమునకు పోవలసినదే యను నియమము, ఎవ్వరును శాసింపకయే, మనదేశమున శాసనమై కూర్చున్నది. నిజామాబాదు జిల్లాలోని ఆర్మూరు ఇందులకు చక్కని నిదర్శనము. రెండు జాతీయ రహదారులు కలిసికొను కూడలి యిది. పసుపునకును ఎఱ్ఱజొన్నకును పేరుగన్న వర్తకస్థానము. 2017 నుండి పెద్దపల్లి-నిజామాబాదు రైలుమార్గమును ఈ యూరిమీదుగనే పోవుచున్నది. సరకు వచ్చుటకును పోవుటకును ఇన్ని త్రోవలున్న యూరికి సంగీతము వచ్చుటకు మాత్రము త్రోవ దొరకకున్నది. వినదలచినవాడే పోవలెను. ఈ పద్ధతి మారవలెననియు, మార్చుట మనచేతిలోని పనియే యనియు మా యభిప్రాయము.

ఇటీవల మేము పసుపు పండించు ఒక మిత్రునితోగూడి కర్ణాటకసంగీత కచేరీకై హైదరాబాదునకు పోయి ఆ రాత్రియే మరలితిమి. ఆర్మూరునుండి నగరము రమారమి 180 కిలోమీటర్లు. ప్రొద్దెక్కకమునుపే భోజనము ముగించి బస్సెక్కి, డిచ్‌పల్లి, కామారెడ్డి, తూప్రాను, మేడ్చలు దాటి జూబిలీ బస్సుస్టాండున దిగునప్పటికి నాలుగు గంటలకు పైగా గడచెను. అచ్చటినుండి సభామందిరమునకు ఆటోలో మరి ముప్పావుగంట. గాయకుడు తోడిరాగమును విస్తరించుచుండగా మా మిత్రుడు కన్నులు మూసికొని తొడపై తాళము వేయుచు కూర్చుండెను. తనియావర్తనము మొదలగునప్పటికి మాకు గడియారము చూచుకొనవలసి వచ్చెను; తిరుగుబస్సు తప్పినచో తెల్లవారుదాక గతి లేదు. మృదంగధ్వని చెవిలో నుండగనే లేచి బయటపడితిమి. “పంట చేతికందు వేళకు చేను విడిచి పోయినట్లున్నది” అని యాయన దారిలో ననెను. తొమ్మిదినెలలు పసుపుచేనికి కావలి యుండువానికి తోచిన మాట యది. ఎనిమిది తొమ్మిది గంటల ప్రయాణమునకు రెండు గంటల సంగీతము. మంగళము వినకయే మరలుట!

మేమైనను పోగలిగితిమి. ఇంటిపని విడువరాని గృహిణులు, బడిపిల్లలు, వృద్ధులు, రోజుకూలి పోగొట్టుకొనలేనివారు ఏమి చేయుదురు? సంగీతము దూరమైన కొలది అది తీరికయు కలిమియు గలవారి సొత్తగును. చిన్ననాట వినని చెవికి పెద్దతనమున రుచి కలుగుట అరుదు. ఒక తరము వినకపోయిన యెడల తరువాతి తరమునకు వినవలెనన్న కోరికయే పుట్టదు. అసలు నష్టమిది, బస్సుచార్జీలు కావు.

ఈ స్థితి యెట్లేర్పడెను? రవీంద్రనాథ ఠాకూరు శతజయంతి సందర్భమున 1961లో హైదరాబాదున రవీంద్రభారతి వెలసినది. ఆ శతజయంతి నాటకశాలలు పెక్కు రాష్ట్రముల రాజధానులలోనే లేచినవి. పల్లెపొలముల నడుమ శాంతినికేతనమును నెలకొల్పిన మహనీయుని పేర కట్టిన మందిరములు రాజధానులకే దక్కుట విచిత్రముగదా! అవి యుండుట తప్పు కాదు; వానితోనే మన బాధ్యత తీరినదని యూరకుండుట తప్పు.

వర్తకపు టూళ్లకు సంగీతమేల యనువారు కలరు. వారిని మన పసుపు పోవు దారినే యొకసారి పోయి చూచి రమ్మందుము. మెరుగైన ధర నాశించి మన రైతులు కాడిని మండను లారీల కెత్తి మహారాష్ట్రములోని సాంగ్లీ మార్కెట్టునకు కొనిపోవుట అందఱెఱిగినదే. ఆ సాంగ్లీప్రక్కనే మిరజు కలదు. దేశమునందలి గాయకులెందఱికో తంబురాలు చేసి యిచ్చు పనివారలు తరతరములుగా ఆ యూర నున్నారు. కిరానా బాణీకి పెద్ద దిక్కైన అబ్దుల్ కరీంఖాను అచ్చటనే స్థిరపడెను. 1937లో ఆయన గతింపగా అచ్చటి మీరాసాహేబు దర్గాలోనే సమాధి చేసిరి. ఏటేట ఆయన స్మృత్యర్థము అచ్చట సంగీతోత్సవము జరుగును. ఆయన శిష్యుడు సవాయి గంధర్వుని నివాసము ధారవాడ ప్రాంతమునందలి కుందగోళమను చిన్నయూరు. అచ్చట నాడిగేరు వంశీయుల వాడాలో సంగీతోత్సవములు నడచినవి. గంగూబాయి హానగల్ హుబ్బళ్లి పట్టణమునుండి రైలెక్కి ఆ చిన్నయూరికి పోయి విద్య నేర్చినది. అచ్చట పట్టణమే పల్లెకు పోయినది! ఒక భూస్వామి తన యింటి ముంగిలిని సంగీతమునకు విడిచిన యెడల ఎంత జరుగునో ఇది సాక్ష్యము.

ఇక ఆక్షేపణలు. చేతిలోని ఫోనుననే సంగీతమంతయు నున్నదందురు. ఉన్నది, కాని గాయకుడు శ్రోతల ముఖము చూచి రాగమును పెంచును, శ్రోతల నిశ్శబ్దమే యాతనికి శ్రుతి. అది ఫోనున దొరకదు. ఇచ్చట వినువారెవరందురు. భజనమందిరములు గల యూళ్లివి. చిందు ఎల్లమ్మవంటి కళాకారిణిని బోధను ప్రాంతమునుండి లోకమున కిచ్చిన జిల్లా యిది. చిందుయక్షగానమును రాత్రులు మేల్కొని చూచిన జనులకు రెండు గంటల కచేరీ బరువగునా? విద్వాంసులు ఇంత దూరము రారందురు. ఆర్మూరునుండి నగర మెంతదూరమో నగరమునుండి ఆర్మూరును అంతే దూరము. నలుబదిమంది శ్రోతలు పోయివచ్చుటకన్న నలుగురు విద్వాంసులు ఒక కారులో వచ్చిపోవుట సులభము, చౌక.

క్రొత్తమందిరము కట్టుదాక వేచియుండ నక్కఱలేదు. ఆషాఢమునను పుష్యమునను ముహూర్తములుండవు. కల్యాణమండపములు తలుపులు మూసికొని యుండును. పసుపు విత్తిన పిమ్మట ఆషాఢమున నొకటి, పుష్యబహుళ పంచమినాడు త్యాగరాజస్వామి యారాధన, పంట యమ్ముడుపోవు దినములలో శ్రీరామనవమి పందిరిలో నొకటి - ఏడాదికి మూడు కచేరీలు చాలును. పసుపు అమ్ముడైనపుడు రైతును వర్తకుడును బస్తాకొక రూపాయి చొప్పున స్వచ్ఛందముగా నిచ్చినను నిధికి పునాది పడును. లెక్కలు బహిరంగముగా చదువవలెను. ముందువరుస బడిపిల్లలకు విడువవలెను. వారికి రుసుము వలదు. శాస్త్రీయసంగీతముతోపాటు చిందు, ఒగ్గుకథ, హరికథలకును అదే వేదికపై అదే గౌరవ ముండవలెను.

ఇది మనకు చేతగాని పని యనువారు మన చరిత్ర నెఱుగరు. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషానిలయము వెలసినది ప్రభుత్వదానముచే గాదు, భాషాభిమానుల పూనికచే. 1937లో నిజామాబాదు ఆంధ్రమహాసభకు ఆతిథ్యమిచ్చినది. ఇటీవలి సంగతియే చూడుడు: పసుపుబోర్డు కావలెనని ఈ ప్రాంతపు రైతులు పట్టుబట్టి, 2019 లోక్‌సభ యెన్నికలలో ఒక్క నిజామాబాదు స్థానమునకే 185 మంది అభ్యర్థులు నిలుచునట్లు చేసిరి, వారిలో అత్యధికులు రైతులే. 2025 జనవరిలో బోర్డు నిజామాబాదుననే ప్రారంభమైనది. ధరకై దేశమును తమవైపు చూచునట్లు చేసినవారు, పాటకై ఒక విద్వాంసుని తమయూరికి రప్పింపలేరా?

ఆర్మూరు పెద్దలకును, చుట్టుప్రక్కల గ్రామముల భూస్వాములకును, వర్తకసోదరులకును మా విన్నప మొక్కటే. వచ్చు ఆషాఢమునకు ముందే పదిమంది కూడి ఒక సంఘముగా నేర్పడుడు. మొదటి కచేరీకి తేదీ నిర్ణయింపుడు. మంగళము పాడువరకు శ్రోతలు కూర్చుండగల కచేరీ యొకటి ఆర్మూరున జరిగిననాడు, తక్కిన పట్టణములు ఆ దారిని తామే పట్టును.