పొదుపు సంఘం ముద్దు, ప్రశ్నించే సంఘం వద్దా?

రాత్రి తొమ్మిదింటికి ఫంక్షన్ హాల్ ఓనర్ ఫోన్. "అన్నా, ఏమనుకోకు. ఠాణా నుంచి ఫోనొచ్చింది. నీ అడ్వాన్స్ పైసలు పొద్దుగాల వచ్చి తీసుకపో." ఎందుకని అడిగితే, "నాకేం ఎరుక? మా లైసెన్సు రెన్యువల్ ఉంది" అన్నడు. అంతే, ఫోన్ పెట్టేసిండు.

మీటింగ్ తెల్లారి పది గంటలకు. రహస్య సమావేశమేం కాదు. బీడీలు చుట్టే అక్కలు, ఇండ్లల్ల పనిచేసే ఆడవాళ్లు, బట్టల దుకాణాల్లో సేల్స్ గర్ల్స్, ఇద్దరు లెక్చరర్లు, ఒక వకీలమ్మ. పని చేసే చోట ఆడవాళ్ల మీద వేధింపులను ఆపే చట్టం గురించి మాట్లాడుకుందామని కూడుతున్నరు. 2013లో పార్లమెంటు చేసిన చట్టం అది. సర్కారు చట్టం గురించి తెలుసుకోవడానికి సర్కారే జాగ ఇయ్యనియ్యకపోతే ఇగ ఎవలకు చెప్పుకోవాలె?

మరో ముచ్చట. అదే హాల్లో అంతకు ముందు వారమే స్వయం సహాయక సంఘాల సభ జరిగింది. ఊళ్ల నుంచి మహిళలను బస్సుల్లో తెచ్చిన్రు. ఒకే రంగు చీరెలు, వేదిక మీద పూలదండలు, రుణాల చెక్కు నమూనా పట్టుకుని ఫొటోలు. అప్పుడు ఠాణా నుంచి ఫోన్ రాలేదు, బందోబస్తు వచ్చింది. ఆ హాల్లోకి పోయిన ఆడవాళ్లలో కొందరు మన మీటింగుకు కూడా రావలసినవాళ్లే. మనుషులు వాళ్లే. అప్పు కట్టడానికి కూడితే సంఘం, అడగడానికి కూడితే శాంతిభద్రతల సమస్య!

ఏ పార్టీ గద్దె మీద ఉన్నా ఈ లెక్క మారదు. పాలకులకు మహిళల చేతులు కావాలి. వాయిదాలు కట్టే చేతులు, పథకాల సర్వేలు చేసే చేతులు, సభలో చప్పట్లు కొట్టే చేతులు. నోరు మాత్రం వద్దు.

నిజానికి ఈ దేశంలో మహిళల కోసం ఉన్న చట్టాల్లో ఏదీ పాలకులకు పొద్దున్నే లేచి తోచింది కాదు. ఒక్కొక్కటి వెనుక చిన్న చిన్న సంఘాల కొట్లాట ఉంది. రాజస్థాన్‌లో భన్వరీదేవి 1992లో అత్యాచారానికి గురైంది. ఆమె చేసిన నేరం బాల్యవివాహాన్ని ఆపబోవడం. అది ఆమె సొంత పని కూడా కాదు, రాష్ట్ర ప్రభుత్వ మహిళాభివృద్ధి కార్యక్రమంలో సాథిన్‌గా సర్కారు అప్పగించిన డ్యూటీ. పని చేయించుకున్న సర్కారు ఆమె వెంట నిలబడలేదు. 1995లో కింది కోర్టు నిందితులను అత్యాచార నేరం నుంచి విడిచిపెట్టింది. నిలబడింది మహిళా సంఘాలు. 'విశాఖ' అనే బృందం, మరికొన్ని సంఘాలు కలిసి సుప్రీంకోర్టు మెట్లెక్కితే 1997లో మార్గదర్శకాలు వచ్చినయి. అవి చట్టం కావడానికి ఇంకో 16 ఏండ్లు పట్టింది. ఇయ్యాల ఏ ఆఫీసులోనైనా అంతర్గత ఫిర్యాదుల కమిటీ అనే బోర్డు కనిపిస్తే, దాని కింద భన్వరీదేవి పేరు రాసుకోవాలె.

మన దగ్గరికి వద్దాం. ఉస్మానియా విద్యార్థినులు 1974లో ప్రగతిశీల మహిళా సంస్థ పెట్టుకున్నరు. ఈవ్‌టీజింగ్ మీద, వరకట్నం మీద వీధుల్లోకి వచ్చిన్రు. ఏడాది తిరగకముందే ఎమర్జెన్సీ వచ్చి దాని మీద పడ్డది. అయినా కథ ఆగలేదు. 1978లో నల్లకుంట పోలీసుస్టేషన్‌లో రమీజాబీ మీద అత్యాచారం జరిగింది, ఆమె భర్త దెబ్బలకు చచ్చిపోయిండు. హైదరాబాద్ మండిపోయింది. ముక్తదర్ కమిషన్ పోలీసులను తప్పుపట్టింది. కేసు రాయచూరుకు బదిలీ అయి, అక్కడ పోలీసులు నిర్దోషులుగా బయటికొచ్చిన్రు. ఆ అన్యాయమే ఈ నగరంలో స్వతంత్ర మహిళా ఉద్యమానికి ఊపిరి పోసింది. ఇక నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించిన సంగతి ఎవరికి తెల్వదు? వయోజన విద్య తరగతుల్లో అక్షరాలు నేర్చుకున్నోళ్లే సారా పాకెట్లు తగలబెట్టిన్రు. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చినయి. రెండేండ్లకే ఆ నిషేధాన్ని పాలకులు సడలించుకున్నరనుకోండి, అది వేరే కథ. సారా దుకాణం ముందు కూర్చోవడానికి వాళ్లు ఎవరి పర్మిషన్ అడగలేదన్నది ఇక్కడ గుర్తుంచుకోవలసిన సంగతి.

ఇప్పుడు కూర్చోవాలంటే? ఇందిరాపార్కు దగ్గరి ధర్నాచౌక్‌ను 2017లో మూసేసిన్రు. ఉద్యమకాలంలో మనమంతా చాపలు పరిచి కూర్చున్న జాగనే, ఉద్యమం పేరు చెప్పి గద్దెనెక్కిన సర్కారు మూసింది. 2018లో హైకోర్టు జోక్యం చేసుకుంటే గానీ కదలిక లేదు. జిల్లాల సంగతి ఇంకా అన్యాయం. ఎప్పుడు చూసినా పోలీసు యాక్టు సెక్షన్ 30 అమల్లో ఉందంటరు. పర్మిషన్‌కు దరఖాస్తు పెడితే ఔననరు, కాదనరు. తెల్లారితే మీటింగనంగా హాల్ ఓనర్‌కు ఒక ఫోన్ చేస్తరు. కాగితం ఉండదు కాబట్టి కోర్టుకు పోవడానికి ఆధారమూ ఉండదు.

2021 మార్చి 30న తెలంగాణ ప్రభుత్వం రహస్యంగా జీవో 73 ఇచ్చి 16 సంఘాలను నిషేధించింది. అందులో విద్యార్థి సంఘాలున్నయి, రచయితల సంఘం ఉంది, చైతన్య మహిళా సంఘం ఉంది. హైకోర్టులో సవాలు చేసినంక జూన్‌లో వెనక్కి తీసుకున్నరు. వాపస్ తీసుకున్నరు కదా అంటరేమో! నిషేధం మూడు నెలలకు పోతది. "ఆ సంఘం జోలికి పోకు బిడ్డా" అని తల్లిదండ్రులు చెప్పిన మాట ఊళ్లో మూడేండ్లుంటది. ఆ సంఘాల రాజకీయాలతో మనకు పేచీ ఉండొచ్చు, నాకూ ఉంది. కానీ నిషేధించే అధికారాన్ని ఇయ్యాల వాళ్ల మీద ఒప్పుకుంటే, రేపు బీడీ అక్కల సంఘం మీద కాదనడానికి మన దగ్గర ఏ వాదన మిగులుతది?

ఇక పైసల ముచ్చట. ఇది చాలామంది పట్టించుకోరు, కానీ గొంతు నొక్కే పని ఇక్కడే చప్పుడు లేకుండా జరుగుతది. విదేశీ విరాళాల చట్టాన్ని 2020లో సవరించిన్రు. ఒక సంస్థ తనకొచ్చిన విదేశీ విరాళాన్ని మరో సంస్థకు ఇయ్యొద్దు. అంటే హైదరాబాద్‌లోనో ఢిల్లీలోనో ఉన్న పెద్ద సంస్థ, ఆసిఫాబాద్‌లో పనిచేసే చిన్న సంఘానికి అందులోంచి ఒక్క రూపాయి పంపినా నేరమే. పరిపాలన ఖర్చు 50 శాతం దాకా ఉండొచ్చన్న పరిమితిని 20 శాతానికి కోసేసిన్రు. ఆఫీసు కిరాయి, కరెంటు బిల్లు, వకీలు ఫీజు అన్నీ ఈ ఖర్చులోకే వస్తయి. కుట్టు మిషన్లు పంచే సంస్థకు ఇది ఇబ్బంది కాదు, మిషన్ పరిపాలన ఖర్చు కాదు కదా! కేసులు నడిపే సంఘానికి ఖర్చంతా వకీలు ఫీజే, బస్సు చార్జీయే, అర్ధరాత్రి వచ్చిన ఆడమనిషికి తలదాచుకునే గది కిరాయే. దాన్ని 20 శాతంలో ఎట్ల కుదించాలె? గృహహింస చట్టం తయారీలో కీలకంగా పనిచేసిన లాయర్స్ కలెక్టివ్ సంస్థకే 2016లో ఈ చట్టం కింద రిజిస్ట్రేషన్ రద్దు చేసిన్రు, 2019లో సీబీఐ సోదాలు చేసిన్రు. ఢిల్లీలో పేరున్న వకీళ్ల గతే అట్లుంటే, మండల కేంద్రంలో పనిచేసే అక్క గతేంది?

విచిత్రమేంటంటే, ఆ గృహహింస చట్టమే బాధితురాలికి సాయం చేయడానికి స్వచ్ఛంద సంస్థలను సేవాసంస్థలుగా నమోదు చేసుకోవచ్చంటది. వేధింపుల చట్టమైతే ప్రతి అంతర్గత కమిటీలో బయటి నుంచి ఒక సభ్యురాలు ఉండాలె, మహిళల కోసం పనిచేసే సంస్థల నుంచి తీసుకోవచ్చంటది. ఒక చేత్తో సంఘాలు లేకుండా నడవని చట్టాలు రాస్తరు, ఇంకో చేత్తో సంఘాల గొంతు పిసుకుతరు.

తప్పంతా సర్కారు మీదికి నెట్టి చేతులు దులుపుకోవడం నాకిష్టం లేదు. 2019 నవంబర్, డిసెంబర్ గుర్తుచేసుకుందాం. శంషాబాద్ దగ్గర యువ డాక్టర్ మీద జరిగిన ఘోరానికి రాష్ట్రమంతా ఉడికిపోయింది. డిసెంబర్ 6న తెల్లారకముందే చటాన్‌పల్లి దగ్గర నలుగురు నిందితులు ఎన్‌కౌంటర్. పోలీసుల మీద పూలు చల్లిన్రు, స్వీట్లు పంచిన్రు. ఆ రోజే కొందరు మహిళా కార్యకర్తలు హైకోర్టును కదిలించిన్రు. ఆ రాత్రే ధర్మాసనం కూర్చుని మృతదేహాలను భద్రపరచమంది. "ఇది మా పేరు మీద చేయొద్దు, మాకు కావలసింది విచారణ, శిక్ష" అన్నదే వాళ్ల మాటల సారం. దానికి వాళ్లకు దక్కింది బూతులు. తిట్టింది పోలీసులు కాదు. మనోళ్లే. మన కాలేజీ పిల్లలు, మన ఆఫీసుల్లోని ఉద్యోగులు, ఉద్యమంలో మన పక్కన నడిచినోళ్లు.

నేనేం చేసిన? చప్పట్లు కొట్టలేదు గానీ, ఆ అక్కల మాట రాయాలని ఉన్నా రాయలేదు. డెస్కులో గాలి అట్లున్నది, ఎదురు ఈదే ధైర్యం నాకు లేకపోయింది. సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ నివేదిక 2022 మేలో బయటికొచ్చింది. చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చిన్రనీ, పది మంది పోలీసుల మీద హత్యానేరం విచారణ జరగాలనీ, చనిపోయినోళ్లలో ముగ్గురు మైనర్లనీ అది చెప్పింది. మూడేండ్ల కింద ఆ అక్కలు వేసిన ప్రశ్న అదే. అప్పుడు తిట్టినోళ్లలో ఎంతమంది వాళ్లకు ఫోన్ చేసి ఒక మాట అన్నరు?

అదే నవంబర్‌లో ఆసిఫాబాద్ జిల్లాలో ఊరూరు తిరిగి సరుకులు అమ్ముకునే దళిత మహిళను అత్యాచారం చేసి చంపిన్రు. ఆమె కోసం కొవ్వొత్తులు పెద్దగా వెలగలేదు. దళిత సంఘాలు, మహిళా సంఘాలు గొంతెత్తినయి. ఆదిలాబాద్‌లో ప్రత్యేక కోర్టు పెడితే రెండు నెలల్లో విచారణ ముగిసి 2020 జనవరి 30న తీర్పొచ్చింది. ఉరిశిక్ష మీద నాకు వేరే అభిప్రాయం ఉంది. కానీ తుపాకీ లేకుండా కోర్టు పని చేయగలదని ఆ కేసు చూపించింది. ఆ రోజుల్లో రాష్ట్ర మహిళా కమిషన్‌కు అధ్యక్షురాలు కూడా లేదు. కమిషన్ కుర్చీ ఖాళీగా ఉన్నప్పుడు ఆ పని చేసింది సంఘాలే.

మరి మనం చేయగలిగింది ఏంది? 2011 సకల జనుల సమ్మెలో 42 రోజులు జీతాలు వదులుకున్న ఉద్యోగులున్న నేల ఇది. వంటావార్పుకు ఇంటింటికీ తిరిగి బియ్యం పోగుచేసిన విద్యార్థులున్న నేల. అప్పుడు మనకు ఏ విదేశీ నిధి ఉండె? జాగ ఇచ్చినోళ్లు, జామీను ఇచ్చినోళ్లు, ఫ్రీగా కేసు వాదించినోళ్లు ఉండిరి. మహిళా సంఘాలు ఇప్పుడు అడుగుతున్నదీ అదే. ఉద్యోగ సంఘాలకు జిల్లా జిల్లాకు భవనాలున్నయి. నెలకు ఒక ఆదివారం ఒక హాల్ తాళం చెవి ఇయ్యలేరా? అకౌంట్స్ తెలిసిన ఉద్యోగి ఒకరు సాయంత్రం పూట సంఘం లెక్కలు రాసిపెడితే, ఒక నోటీసుతో దాన్ని మూయించడం అంత సులువు కాదు. కాలేజీ పిల్లలు సమాచార హక్కు కింద ఒక దరఖాస్తు పెట్టొచ్చు: మన జిల్లాలో వేధింపుల చట్టం కింద స్థానిక కమిటీ ఉన్నదా, సభ్యులెవరు, ఎన్నిసార్లు కూర్చున్నరు? పది మంది కన్నా తక్కువ పనిచేసే దుకాణంలోని అమ్మాయికి, ఇంటి పనిమనిషికి ఆ కమిటీయే దిక్కు. వాటిని వేయమని 2024 డిసెంబర్‌లో కూడా సుప్రీంకోర్టు రాష్ట్రాలకు చెప్పవలసి వచ్చిందంటే పరిస్థితి అర్థం చేసుకోండి. ఇగ మీ సొంత ఆఫీసు కమిటీలో బయటి సభ్యురాలిగా ఎవరున్నరో చూడండి. మేనేజర్ చుట్టమా, నిజంగా సంఘంలో పనిచేసే మనిషా?

వీటన్నిటికన్నా కష్టమైనది ఇంకోటుంది. ఆ సంఘం మనకు నచ్చని మాట మాట్లాడిన రోజు కూడా పక్కన ఉండడం. మన కులపోడి మీద, మన పార్టీ నాయకుడి మీద, మన యూనియన్ లీడర్ మీద ఫిర్యాదు తీసుకుని వచ్చిన రోజు కూడా ఆ తాళం చెవి వెనక్కి అడగకుండా ఉండడం. ఉద్యమంలో బతుకమ్మలు ఆడి రోడ్లు దిగ్బంధం చేసిన ఆడవాళ్లకు 2014లో వచ్చిన తొలి మంత్రివర్గంలో ఒక్క కుర్చీ దక్కలేదు, 2019 సెప్టెంబర్ దాకా దక్కలేదు. అప్పుడు మనలో ఎంతమందిమి గట్టిగా అడిగినం?

ఆ తెల్లారి మీటింగ్ ఆగలేదు. రిటైరైన ఒక టీచరమ్మ తన ఇంటి డాబా మీద జంపఖానాలు పరిచింది. డెబ్బై మంది వస్తరనుకుంటే నలభై మంది వచ్చిన్రు. గేటు బయట మఫ్టీలో ఇద్దరు. టీచరమ్మ వాళ్లకూ చాయ్ పంపింది. వకీలమ్మ చెప్పింది అయిపోయినంక బట్టల దుకాణంలో పనిచేసే ఒక పిల్ల లేచి, "సేటు మీద ఫిర్యాదు రాస్తే నా పేరు బయటికొస్తదా?" అని అడిగింది. ఆ ఫిర్యాదు ఇప్పుడు కలెక్టరేట్‌లో ఉంది. వచ్చే నెల మీటింగుకు ఇంకా జాగ దొరకలేదు.