ఎవరికి ఎవరు అపశకునం?

హైదరాబాదు నుంచి విశాఖకు అమ్మనీ, పిల్లినీ కారులో తీసుకెళ్తున్నానని చెప్పగానే మా పిన్ని "పిల్లితో ప్రయాణమా, అపశకునం కాదుటే!" అంది. ఆ మాట పిల్లి గురించే అనుకుంటే పొరపాటు. శకునాల జాబితాలో పిల్లి పక్కనే విధవ ఉంటుంది. నాన్న పోయాక మా ఇంట్లో ఎవరు ఊరికి బయల్దేరినా అమ్మ వంటింటి తలుపు వెనకాల నిలబడిపోయేది. వాళ్ళు వీధి మలుపు తిరిగాకే బయటికొచ్చేది. ఎవరూ లోపలికి పొమ్మనలేదు. పొమ్మనకుండానే తప్పుకోవడం ఆడవాళ్ళకి నేర్పడమే కదా పితృస్వామ్యం నేర్పరితనం!

ఇంతకీ 600 పైచిలుకు కిలోమీటర్లలో ఆ పిల్లి చేసిన కీడేమిటి? కడుపులో తిప్పుతుందని బయల్దేరే ముందు 4 గంటలు తిండి పెట్టలేదు. గాలాడే బుట్టలో అమ్మ పాత చీర పరిచి, బుట్టకి సీటు బెల్టు కట్టాం. సూర్యాపేట దాకా అరిచి అరిచి పడుకుంది. టీకి ఆగినచోటల్లా ఒకరం ఏసీ వేసుకుని కారులోనే ఉన్నాం. ఎండలో మూసిన కారు నిమిషాల్లో పొయ్యి అవుతుంది మరి. భయపడ్డది అది. కీడు మాత్రం మనకట!

"జంతుప్రేమ సరే, ముందు మనుషుల సంగతి చూడు" అనే అభ్యుదయ మిత్రులకీ ఒక మాట. మనుషుల సంగతే చూస్తున్నాను. మీ ఇంటి పెళ్ళిలో పసుపు కుంకుమల పళ్ళెం ఎవరిని దాటుకుని పోతోందో మీరూ ఓసారి చూడండి.

బయల్దేరేటప్పుడు పిన్ని గేటు దగ్గర ఆపి, కాసేపు కూర్చుని మంచినీళ్ళు తాగి వెళ్ళమంది. ముందు సీట్లో ఉన్న అమ్మ బెల్టు పెట్టుకుని, "పోనియ్యవే" అంది నాతో.