పొలిమేరకు ఆవలి సెంటు

జగ్గయ్యపేటనుండి నందిగామకు జాతీయరహదారి వెంబడి పోవువారికి ఇరుప్రక్కలను రెండు విధములైన ఊళ్లు పుట్టుచుండుట కానవచ్చును. ఒకప్పుడు ప్రత్తియు మిరపయు పండిన మెట్టచేలలో ఇప్పుడు సిమెంటు తోరణములు లేచినవి. తోరణము దాటినంతనే వెడల్పైన బాట, వరుసగా నాటిన రాళ్లు, రంగుజెండాలు, నీరుపోయు దిక్కులేని కొబ్బరిమొక్కలు. దీనికి వెంచరని పేరు. రహదారి విడిచి మఱికొన్ని మైళ్లు లోనికి పోయినచో, బస్సు పోనిచోట, వానకు కాలు దిగబడు నల్లరేగడిలో మఱియొక లేఅవుటు కలదు. దానికి తోరణముండదు; ఏదో యొక నాయకుని పేరుండును. ప్రభుత్వము మాఱినప్పుడు ఆ పేరు మాఱును, బురద మాఱదు. దీనికి కాలనీ యని పేరు. రెండును మనుష్యులు కాపురముండుటకు వేసినవే. అయినను ఒకదాని నీడ మఱియొకదానిపై పడరాదని ఎవరో శాసించినట్లు అవి యెడముగా నున్నవి.

ఆ శాసించినవారెవరని మేము విచారింపగా, వారిలో మేమును ఉన్నట్లు తేలినది.

పేదవారికి ఇండ్లీయవద్దని ఈ దేశమున నెవ్వరును అనరు. ఎన్నికలలో నిలుచువారు అసలే యనరు. అందఱును అనునది యొక్కటే: ఇండ్లీయుడు, కాని ఇచ్చట కాదు. ఈ “ఇచ్చట కాదు” అను రెండు మాటలను గూర్చియే మా వివాదము.

2021 డిసెంబరులో రాష్ట్రప్రభుత్వము లేఅవుటు నిబంధనలను సవరించి, వేయబోవు లేఅవుటులలో నూటికి 5 వంతుల భూమిని పేదల ఇండ్లస్థలములకై అప్పగింపవలెనని ఉత్తర్వు చేసెను. మేము ఉద్యోగకాలపు మిగులుతో ఒక వెంచరులో కొంత స్థలము కొనియుంటిమి. దాని రెండవభాగమునకు అప్పటికింకను అనుమతి రాలేదు. వార్త వచ్చిన వారముననే కొనుగోలుదారులందఱు వేపచెట్టు క్రింద సమావేశమైరి. దొంగతనములు పెరుగునని ఒకరు, మురుగుకాలువలు చాలవని ఒకరు, గజము ధర పడిపోవునని పలువురు అనిరి. ఒక పెద్దమనిషి మాత్రము మిక్కిలి మృదువుగా, “వాళ్లకు ఇవ్వొద్దని కాదండీ. కాస్త దూరంగా ఇస్తే వాళ్లకూ స్వేచ్ఛ, మనకూ స్వేచ్ఛ” అనెను. సభ యంతయు తలయూచెను. అర్జీ సిద్ధమయ్యెను. అందులో “నివాసవాతావరణము” అను పదము మూడుమాఱులు వచ్చెను. “పేద” అను పదము ఒక్కమాఱైనను రాలేదు. దానిపై మేమును చేవ్రాలు చేసితిమి. ఈ సంగతి చదువరులు ముందుగా నెఱిగి, ఆపైని మేము చెప్పుదానికి ఎంత విలువ నీయవలెనో వారే నిర్ణయింతురు గాక.

మా యింట పాచిపని చేయునామె అదివఱకు బస్సుస్టాండు వెనుక ఒక గదిలో అద్దెకుండెడిది. కాలనీలో సెంటు స్థలమునకు పట్టా వచ్చినది. పట్టాకాగితమును ప్లాస్టికు సంచిలో పెట్టి మాకు చూపినప్పుడు ఆమె ముఖమున వెలిగిన వెలుగు మాకింకను జ్ఞాపకము. ఇల్లు గోడలవఱకు లేచినది. అద్దెగది విడిచి ఆమె అచ్చటికి పోయినది. పిమ్మట పనికి ఆలస్యముగా రాసాగెను. ఆటో నిండినగాని కదలదు, నిండుటకు ఆ దారిని జనము లేరు. రానుపోను అఱువది రూపాయలు. ఒకనాడు మేము మందలింపగా ఆమె యనినది: “పట్టా ఇచ్చారండీ. పనులు మాత్రం ఇక్కడే ఉండిపోయాయి గదండీ.” మేము మాఱు పలుకలేదు. ఆమె వదలుకొనవలసివచ్చిన రెండిండ్లలో మాదియు నొకటి.

మా అర్జీకి బలము మా వాదములో లేదు. ఆ ఉత్తర్వులోనే కలదు. లేఅవుటులోపల 5 వంతులు ఇయ్యనొల్లనివారు మూడు కిలోమీటర్ల పరిధిలో మఱియొకచోట అంతభూమి కొని యీయవచ్చుననియు, అదియు వలదన్నచో దాని విలువ చెల్లించి ఊరకుండవచ్చుననియు అందుండెను. ధర్మమునకు ఒక వాకిలి, దానిని తప్పించుకొనుటకు రెండు దొడ్డిదారులు! వెంచరు వేయువాడు మూర్ఖుడా, రహదారి ప్రక్క గజమును విడిచి లోపలి చేనిలో ఎకరము కొనకుండుటకు? భూమి చౌకగా నుండుటకు కారణము అచ్చట నెవ్వరును ఉండగోరకపోవుటయే గదా. కనుక పేదవానికి వచ్చు స్థలము ఎవ్వరును కోరని స్థలమే యగును. పల్లమో, వాగుగట్టో, శ్మశానపు ప్రక్కయో. 2023 జూలైలో మున్నేరు పొంగి నందిగామ చెంత ఐతవరమువద్ద జాతీయరహదారినే ముంచెను. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడ సింగునగరమును దినములతరబడి నీట నుంచెను. నీరు పల్లమునకే పోవును. పేదవానిని మనమును పల్లమునకే పంపుచున్నాము.

ఈ దొడ్డిదారి మన పాలకుల సొంతకల్పన కాదు. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రమున మన తెలుగువారనేకులు కాపురమున్నారు. ఈ మెట్టప్రాంతమునుండి కొడుకునో కూతునో అచ్చటికి పంపిన తలిదండ్రులు తక్కువవారు కారు. ఆ రాష్ట్రమున మౌంటు లారెల్ అను చిన్నపట్టణము కలదు. తరతరములుగా అచ్చట నున్న నల్లజాతి కుటుంబములు 36 అద్దెయిండ్లు కట్టుకొనుటకు అనుమతి కోరగా పట్టణపాలకులు నిరాకరించిరి. ఎథెల్ లారెన్సు అను నామె ముందునిలువగా 1971లో వ్యాజ్యము మొదలయ్యెను. పెరుగుచున్న ప్రతి పట్టణమును తన ప్రాంతపు పేదలకు న్యాయమైన పాలు చోటు చూపితీరవలెనని 1975లో ఆ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానము తీర్పు చెప్పెను. పట్టణములు వినలేదు. 1983లో మఱియొకమాఱు, ఇంకను గట్టిగా చెప్పవలసివచ్చెను. 1985లో శాసనము వచ్చెను. ఆ శాసనములోనే దొడ్డిదారియు వచ్చెను. సంపన్నపట్టణము తన బాధ్యతలో సగమువఱకు ఒక పేదనగరమునకు సొమ్మిచ్చి వదలించుకొనవచ్చునట. ఇరువదేండ్లకు పైగా సాగిన ఆ బేరమును 2008లో రద్దుచేసిరి. ఎథెల్ లారెన్సు 1994లో మరణించెను. ఆమె పేర ఆ యిండ్లు కట్టి మనుష్యులను ప్రవేశపెట్టునప్పటికి క్రొత్తశతాబ్దము వచ్చెను.

ఆ యిండ్లు వచ్చిన తరువాత ఏమి జరిగెను? డగ్లస్ మాసీ యను సాంఘికశాస్త్రజ్ఞుడును ఆయన తోడివారును పరిశోధించి 2013లో గ్రంథము వెలువరించిరి. చుట్టుపట్ల ఇండ్ల ధర పడలేదు, నేరములు హెచ్చలేదు, పన్నులు పెరుగలేదు. చేరినవారి బిడ్డల చదువు మెఱుగుపడెను. మా వేపచెట్టు క్రింది సభలో చెప్పుకొన్న భయములన్నియు అచ్చటను చెప్పుకొన్నవే. అచ్చట కొలిచి చూచిరి. మేము కొలువకుండనే చేవ్రాలు చేసితిమి. అయినను ఆ రాష్ట్రమున నందఱును పాఠము నేర్చిరని మేము చెప్పము. 2024లో క్రొత్తశాసనము రాగా, దానిని ఆపుడని కొన్ని పట్టణములు కలసి మరల దావా వేసినవి.

ఇక ఇంటికి వత్తము. కృష్ణకు ఆవలనే జరిగిన గొడవను విడిచి ఈ విషయము వ్రాయుట పిఱికితనమగును. 2014 నాటి రాజధానిప్రాంత శాసనములో, రైతులు సమీకరణమున నిచ్చిన భూమిలో 5 వంతులు పేదల గృహములకుండవలెనను మాట కలదు. రైతులు 34 వేల ఎకరములకు పైగా నిచ్చిరి. తరువాతి ప్రభుత్వము శాసనమును సవరించి, పటములో ఆర్-5 అను క్రొత్తవిభాగమును కల్పించి, 2023 మే 26వ తేదీన వెంకటపాలెమున 50,793 మందికి పట్టాలిచ్చెను. వారిలో 27,031 మంది మా ఎన్టీఆర్ జిల్లావారు. జూలైలో కృష్ణాయపాలెమున శంకుస్థాపన జరిగెను. ఆగస్టు 3వ తేదీన హైకోర్టు నిర్మాణమును నిలిపివేసెను. 2024లో ప్రభుత్వము మాఱెను. ఆ సెంట్లలో ఇండ్లు లేవలేదు.

ఇందు ఎవరిది తప్పు? రెండుకక్షలవారును మమ్ము తిట్టుదురని తెలిసియే చెప్పుచున్నాము. భూములిచ్చిన రైతుల బాధ నిజము. నగరము కట్టి యిత్తుమన్నవారు నగరమును ఆపివేసి, అడవివలె పెరిగిన తుమ్మలలో సెంట్లు కొలిచియిచ్చిరి. బాట లేదు, బడి లేదు, పని లేదు. పేదవానిపై ప్రేమయే యైనచో, రాజధానిని కట్టుచు దాని నడుమ వానికి చోటు చూపవలసియుండెను. కట్టని నగరములో పేదవానికి పాలు పంచుట పండని పొలములో కౌలు పంచుటవంటిది. ఇది యొకవైపు. రెండవవైపున, ఆ వివాదకాలమున “జనసమతౌల్యము చెడును” అను మాట యొకటి నోటినోట వ్యాపించెను. అది మీరన్నారని వీరును, మేమనలేదని వారును చాలకాలము తగవులాడుకొనిరి. ఎవరన్నదియు మాకనవసరము. ఆ భావము మాకు చిరపరిచితము. దానిని మేము వేపచెట్టు క్రింద మా చెవులార వింటిమి. స్థానికులు కానివారికి ఇచ్చట నేల స్థలమని అడిగినవారిని మేమొక్కటి యడిగెదము: రాజధాని యనునది స్థానికులకే యైనచో దానిని రాజధాని యనుటెందులకు? శాసనములోని ఆ 5 వంతులను 2015లోనే పటముపై గీచి, మొదటి బాటతోపాటు మొదటి పేదయింటిని కట్టియుండిన, 2023లో ఆ పేదలను ఒకరిపై నొకరు విసరుకొను రాళ్లుగా వాడుకొనుటకు ఎవ్వరికిని అవకాశముండెడిది కాదు.

దూరమైనను సొంతయిల్లే గదా యనువారు కలరు. సర్వోచ్చన్యాయస్థానమువారు చమేలీ సింగు వ్యాజ్యమున నిచ్చిన 1995 నాటి తీర్పును వారు చదువవలెను. ఉత్తరప్రదేశమున దళితుల ఇండ్లకై భూమి తీసికొనగా భూస్వాములు అభ్యంతరపెట్టిన వ్యాజ్యమది. ఆశ్రయమనగా తలపై కప్పు మాత్రమే కాదనియు, వెలుతురు, మంచినీరు, పారిశుధ్యము, తన నిత్యపు వృత్తికి సులువుగా పోగల బాట మొదలగునవియు అందులో చేరుననియు అందు చెప్పబడినది. నిత్యపు వృత్తికి పోగల బాట! ఆటో నిండువఱకు వేచియుండుట బాట కాదు. పట్టణమున సెంటా రెండు సెంట్లా అను వేలముపాటను ఒక ప్రభుత్వము తరువాత నొక ప్రభుత్వము పాడుచున్నది. సెంట్లు హెచ్చిన మాకు సంతోషమే. ఎచ్చట అను ప్రశ్నకు మాత్రము ఏ పాటగాడును బదులీయడు.

ఊరు వేఱు, వాడ వేఱు అను పాతలెక్కయే క్రొత్త పటములపై నెక్కినదని మా నిశ్చయము. పూర్వము దానికి కులము పేరు చెప్పెడివారు. ఇప్పుడు గజము ధర చెప్పుచున్నారు. చెప్పు నోరు మాఱినది గాని చూపు వ్రేలు అదే దిక్కునకు చూపుచున్నది. స్థానికతను గూర్చి గర్వించు మా పేటవారికి ఒక్క సంగతి. బేతవోలను పల్లె చెంత ఈ పేటను కట్టి తండ్రిపేరు పెట్టిన వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు చింతపల్లినుండి వచ్చినవాడు. అమరావతి పట్టణమును కట్టించినవాడును ఆయనయే. అంతకు పదునైదువందల యేండ్లకు పూర్వము, ఇక్ష్వాకురాజు వీరపురుషదత్తుని కాలమున, మా ధనబోడుమీది స్తూపమునకు ఐదు ఆయకస్తంభములు నిలిపిన సిద్ధార్థుడు రాజు కాడు, పనివాడు. కమ్మకరాష్ట్రములోని నడతూరునుండి వచ్చినవాడని శాసనమే చెప్పుచున్నది. ఆ చేతిపనివానిని పొలిమేరవద్ద ఆపియుండిన, చూపుకొనుటకు మన కీనాడు ఆ స్తంభములుండెడివి కావు.

మేము కోరునది పెద్దది కాదు. లేఅవుటు ఎవరు వేసినను ఆ 5 వంతులు ఆ లేఅవుటులోపలనే యుండవలెను. అదియు నొక మూలను గోడకట్టి వేఱుచేసినది గాక, తక్కిన స్థలముల నడుమ కలసియుండవలెను. సొమ్ము చెల్లించి తప్పుకొను దారి మూసివేయవలెను. ఇదివఱలో అట్లు వచ్చిన సొమ్మెంతయో, దానితో ఎవరికెచ్చట ఇల్లు కట్టిరో, జగ్గయ్యపేట నందిగామ పురపాలకసంఘములు తమ కచేరీ గోడలపై వ్రాసిపెట్టవలెను. స్థలముకంటె అద్దెయిల్లే మేలగువారు అనేకులు కలరు; వారికి బస్సుస్టాండునకు నడకదూరమున పురపాలకసంఘమే రెండంతస్తుల ఇండ్లు కట్టి తక్కువ అద్దెకీయవచ్చును. సిమెంటు కొఱతయని మాత్రము ఈ ప్రాంతపువారు చెప్పజాలరు; కర్మాగారముల పొగ మా మిద్దెలమీదనుండియే కనబడును.

గడచిన మాసమున మేము మా వెంచరు సంఘమునకు జాబు వ్రాసి, నాటి అర్జీనుండి మా చేవ్రాలును ఉపసంహరించుకొంటిమని తెలిపితిమి. కార్యదర్శి స్వయముగా మా యింటికి వచ్చి, కాఫీ త్రాగి, “ఆ అర్జీ సంగతి ఇప్పుడెవరికి పట్టిందండీ, ఆ 5 వంతులకు డబ్బు ఎప్పుడో కట్టేశారు” అని చెప్పెను. ఎంత కట్టిరని అడిగితిమి. ఆయనకు తెలియదు. ఆ లెక్క కోరుచు పురపాలకసంఘమునకు ఇంకొక జాబు వ్రాసితిమి. బదులు రాగానే ఈ పత్రికలో ప్రకటింతుము.