పెరిగే ఊరికి నీడ ఎక్కడ?

కోనసీమ అంటే కొబ్బరి చెట్లే అని బయటివాళ్లు అనుకుంటారు. ఆ మాట ఇప్పటికీ నిజమే. కానీ మలికిపురం సెంటరులో ఎండవేళ ఆటో కోసం నిలబడినవారికి ఆ కొబ్బరి నీడ అందదు. తోటలు ఊరి వెనక ఉంటాయి, మనుషులు నిలబడేది రోడ్డు మీద. ఎంత పచ్చని సీమలోనైనా వీధికి నీడ కరవు కావచ్చు.

2022 ఏప్రిల్ 4న అమలాపురం కేంద్రంగా కోనసీమ జిల్లా ఏర్పడింది. జిల్లా వచ్చాక భూమికి గిరాకీ రావడం, రోడ్లు వెడల్పు కావడం, మండల కేంద్రాలు పట్టణాల్లా మారడం సహజం. ఎదుగుదలను మేము తప్పుపట్టడం లేదు. మన పిల్లలకు ఉద్యోగాలు, మంచి ఆసుపత్రి, మంచి రోడ్డు అన్నీ కావాలి. అయితే ఎకరం కొబ్బరి తోటలో సుమారు 70 చెట్లు ఉంటాయి. ఆ ఎకరం ప్లాట్లుగా మారితే 70 చెట్లు పోతాయి. వాటి బదులు ఆ వీధిలో ఏం నాటారు? ఈ ప్రశ్న లేఅవుటు వేసేటప్పుడే అడగాలి, ఇళ్లు లేచాక కాదు.

ఆలస్యంగా అడిగితే ఏమవుతుందో హైదరాబాదు చూపించింది. ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ, ఆర్బర్ డే ఫౌండేషన్ కలిసి ఇచ్చే 'చెట్ల నగరం' గుర్తింపును ఆ నగరం 2021లో పొందింది. నాలుగేళ్లకే, 2025 మార్చి చివర ఉగాది సెలవుల్లో, సెంట్రల్ యూనివర్సిటీ పక్కన కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాల భూమిలోకి యంత్రాలు దిగాయి. విద్యార్థులు అడ్డుపడ్డారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపించింది. సెలవు రోజుల్లో అంత తొందర ఎందుకని అడిగింది, కొట్టేసిన చోట పచ్చదనాన్ని తిరిగి ఎలా తెస్తారో చెప్పమంది. ఆ భూమి ఎవరిదన్న వాదన వేరు. కాగితాల మీద అడవి కాకపోయినా, ఏళ్ల తరబడి పెరిగిన చెట్లున్న నేల నగరానికి ఊపిరి అవుతుందన్నదే అక్కడ అసలు సంగతి.

చెట్టును కాపాడాలన్న మాట ఎప్పుడూ తేలిక కాదు. చేవెళ్ల రోడ్డును చూడండి. హైదరాబాదు నుంచి బీజాపూర్ వెళ్లే ఆ దారిలో సుమారు 900 పాత మర్రిచెట్లు ఉన్నాయి. రోడ్డు విస్తరణకు వాటిని తీసేయకుండా ప్రకృతి ప్రేమికులు జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లారు. పని ఏళ్ల తరబడి సాగలేదు. 2025 నవంబరు 3న అదే దారిలో కంకర టిప్పర్ ఆర్టీసీ బస్సును ఢీకొని 19 మంది చనిపోయారు. ఆ కుటుంబాల ముందు నిలబడి చెట్టే ముఖ్యం అని ఎవరూ అనలేరు, మేమూ అనము. కానీ చాలా చెట్లను ఉన్నచోటనే ఉంచి, కొన్నిటిని తరలించి రోడ్డు వేయవచ్చని చివరికి ఒప్పందానికి వచ్చారు. ఆ మాటేదో మొదటి రోజే కూర్చుని మాట్లాడుకుని ఉంటే అన్నేళ్లు పోయేవి కావు. చెట్టా, మనిషా అన్న పోటీ చాలాసార్లు ముందుచూపు లేనందువల్లే వస్తుంది.

పట్టణంలో చెట్టు చేసే పనిని అందం అనుకుని వదిలేయకూడదు. సిమెంటు, తారు పగలంతా వేడిని పీల్చుకుని రాత్రంతా వదులుతాయి. చెట్టు ఆ ఎండను పైనే ఆపుతుంది. వేళ్లతో తాగిన నీటిని ఆకుల ద్వారా ఆవిరిగా వదిలి చుట్టూ గాలిని చల్లబరుస్తుంది. దాని మొదట్లో ఉన్న మట్టి వాన నీటిని తాగుతుంది. ఏసీ ఉన్నవారికి ఈ లెక్క అంతగా తెలియదు. పళ్ల బండి పెట్టుకున్న అమ్మకు, ఆటో నడిపే తమ్ముడికి, బడి నుంచి నడిచి వచ్చే పాపకు తెలుస్తుంది. అందుకే వీధి నీడ బీదవారి ఆస్తి అని మేము అంటాము.

మన ప్రాంతంలో ఇంకో భయం ఉంది: తుపాను. 1996 నవంబరు 6 నాటి తుపాను కొబ్బరి తోటలను నేలకూల్చింది. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా నరసాపురం దగ్గర తీరం దాటింది. చెట్టు ఇంటి మీద పడుతుందన్న భయం న్యాయమైనదే. అయితే మొదలంటా నరకడం దానికి మందు కాదు. మొదటి చుట్టూ సిమెంటు పోసి, ఒక పక్క వేళ్లు కోసి, కరెంటు తీగల కోసం ఒకవైపే కొమ్మలు నరికితే ఎంత మంచి చెట్టయినా పడిపోతుంది. వానలకు ముందే రెండువైపులా సమానంగా కొమ్మలు తీయించాలి, మొదట్లో మట్టి వదలాలి, తీగల కింద పొట్టి జాతి మొక్కలు పెట్టాలి. ఉప్పు తగిలే నేలకు కానుగ, పొగడ వంటివి తగినవి. శంకరగుప్తం డ్రెయిన్ చుట్టుపక్కల ఉప్పునీరు ఎక్కి కొబ్బరి చెట్లు ఎలా మోడువారాయో మనం చూశాం. 2025 నవంబరులో ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ కూడా వచ్చి చూసి వెళ్లారు. నీటి దారి బాగుపడకుండా మొక్కలు మాత్రమే నాటితే అవి నిలవవు.

చట్టం లేకపోలేదు. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం చెట్టు కొట్టడానికి అనుమతి ఉండాలంటుంది, బదులు నాటమంటుంది. దాన్ని గుర్తుచేసేవారు కావాలి. గ్రామసభలో లేచి అడిగే హక్కు మనకుంది.

సంఘాలు తమ ఆవరణతోనే మొదలుపెట్టవచ్చు. మందిరం పెద్దది చేసేటప్పుడు, బండ్లు నిలపడానికి స్థలం చదును చేసేటప్పుడు పాత చెట్టు చుట్టూ ప్లాను గీయమని ఇంజినీరును అడగండి. ప్రహరీ బయట, బాటసారి నిలబడే చోట రెండు వేపలు పెట్టండి. ఫొటో దిగి వదిలేయకుండా ఒక్కో మొక్కను ఒక్కో సండే స్కూలు తరగతికి అప్పగించండి. మూడు వేసవులు నీళ్లు పోస్తే అది నిలుస్తుంది.

శత్రువు పట్టణాన్ని ముట్టడించినప్పుడు కూడా ఫలవృక్షాలను నరకవద్దని ద్వితీయోపదేశకాండము ఇరవయ్యో అధ్యాయం ఆజ్ఞాపిస్తుంది. యుద్ధంలోనే అంత నిగ్రహం ఉండాలంటే, శాంతికాలంలో సొంత ఊరు కట్టుకునే మనకు ఎంత ఉండాలి? మలికిపురం ఇంకా నగరం కాలేదు. రోడ్డు పక్క నీడకు చోటు వదలడానికి ఇదే సమయం.