రీడింగుకూ సందర్భసహిత వ్యాఖ్య కావాలి

తెలుగు ప్రశ్నపత్రంలో 'సందర్భసహిత వ్యాఖ్యలు' అని ఒక ప్రశ్న ఉండేది. ఆ వాక్యం ఎవరు, ఎవరితో, ఏ సందర్భంలో పలికారో చెప్పనిదే మార్కులు పడేవి కావు. ఉద్యోగ జీవితమంతా పిల్లలచేత ఆ ప్రశ్నకు జవాబులు వ్రాయించినవాడిని. మన కారు మరమ్మతు షెడ్లకు కూడా ఆ ప్రశ్న అవసరమని నా దృఢాభిప్రాయం.

ఇంజనులోకి గాలి వెళ్ళే మార్గం ఇన్‌టేక్ మానిఫోల్డ్. అందులోని పీడనాన్ని కొలిచేది మ్యాప్ సెన్సర్. అనేక కార్లలో ఈ పీడనం, గాలి ఉష్ణోగ్రత, ఇంజను వేగం చూసుకొని కంప్యూటరు పెట్రోలు పాళ్ళను నిర్ణయిస్తుంది.

మెకానిక్కులు దీనిని 'వాక్యూమ్' అంటారు. శూన్యమనే ఆ మాటే తికమకకు మూలం. మనకు రేడియో వార్తలు నేర్పిన చక్కని పదం ఉన్నది: అల్పపీడనం. 1979లో టిప్ తుఫాను కేంద్రంలో నమోదైన 870 మిల్లీబార్లు సముద్రమట్టం వద్ద ప్రపంచ రికార్డు. మన కారు ఊరకే నిలిచి తిరుగుతున్నప్పుడు మానిఫోల్డులో ఉండేది సుమారు 300 నుండి 400 మిల్లీబార్లు, అనగా 30–40 కిలోపాస్కల్స్! థ్రాటిల్ మూసి ఉండగా పిస్టన్లు గాలిని లాగుకోవడమే ఇందుకు కారణం. యాక్సిలరేటరు పూర్తిగా తొక్కితే, టర్బో లేని ఇంజనులో, ఆ అంకె బయటి గాలి పీడనానికి చేరువవుతుంది.

కనుక '60 చూపిస్తున్నది' అన్నంత మాత్రాన అర్థం లేదు. ఎప్పుడు చూపింది? ఎత్తు ఎక్కుతుండగానా? అయితే సహజమే. ఇంజను వేడెక్కి, ఏసీ కట్టి, నిలిచి ఉండగానా? అయితే ఎక్కడో గొట్టమో గాస్కెట్టో గాలి కారుస్తుండవచ్చు, వాల్వుల టైమింగు తప్పి ఉండవచ్చు.

దీనికి ఖర్చులేని పరీక్ష ఒకటి ఉన్నది. ఇంజను స్టార్టు చేయక, తాళంచెవి మాత్రం త్రిప్పి రీడింగు చూడాలి. విశాఖ తీరాన సుమారు 101, ఎత్తున ఉన్న హైదరాబాదులో సుమారు 95 కిలోపాస్కల్స్ రావాలి. అలా రాకుంటే సెన్సరునో, దాని తీగలనో శంకించండి. వచ్చి, స్టార్టు చేయగానే చురుకుగా దిగితే, అది చాలావరకు నిజమే పలుకుతున్నట్లు; దోషం మరొకచోట వెదకండి.

ఈ రెండు నిమిషాల పరీక్ష చేయకుండా సెన్సరు మార్చి, అదే జబ్బుతో బండిని తిరిగి అప్పగించడం, దాని వెల యజమాని నెత్తిన వేయడం నాకు సమ్మతం కాదు. కుర్ర మెకానిక్కులది తెలివి లోపం కాదు. ఈ సంగతులు వారి భాషలో ఎవరూ చెప్పకపోవడమే లోపం. అల్పపీడనం తెలిసిన వానికి మానిఫోల్డు తెలియకపోదు.

దూతను వధించరాదని విభీషణుడు లంకలో చెప్పిన నీతి సెన్సరుకూ వర్తిస్తుంది. ముందు అది తెచ్చిన వార్త వినండి. మీరేమంటారు?