రిజర్వుడు సీటులో గెలుపు కులానికి కొలబద్ద కాదు



ఉమ్మడి అనంతపురం జిల్లాలోని శింగనమల, మడకశిరల్లో అగ్రకులాల రైతులు దళిత అభ్యర్థులకు ఓట్లేస్తున్నారు కాబట్టి మా కరువు సీమలో కులం సడలిందన్న మీ వ్యాసకర్త వాదన నిలవదు. ఆ రెండూ ఎస్సీ రిజర్వుడు స్థానాలు. బరిలో ఉన్నవాళ్లంతా దళితులే అయినప్పుడు ఓటరు ఎంచుకునేది పార్టీనే. 2024లో మడకశిరలో ఎం.ఎస్. రాజు 351 ఓట్లతో గట్టెక్కారు. అక్కడ తలపడింది పార్టీలే తప్ప కులాలు కావు.

1932 నాటి పూనా ఒప్పందం ఉమ్మడి ఓటర్ల పద్ధతిని ఖాయం చేసింది. దాంతో రిజర్వుడు సీటులోనూ గెలుపోటములు ఇతర కులాల ఓట్ల మీద ఆధారపడ్డాయి. మా పల్లెల్లో ప్రచారం చూడండి. ఊరి పెద్ద మీసం దువ్వుకుంటూ ముందు నడుస్తాడు, అభ్యర్థి చేతులు జోడించి వెనక వస్తాడు. మడకశిర రిజర్వు కావడంతో అక్కడి అప్పటి ఎమ్మెల్యే రఘువీరారెడ్డి 2009లో కళ్యాణదుర్గం వెళ్లి గెలిచారు. పెద్ద నాయకులకు దారులు మూసుకుపోవు.

పోల్చి చూడటానికి మరో దేశం తీసుకుందాం. అమెరికాలో దక్షిణ కరోలినా 2014లో నల్లజాతి రిపబ్లికన్ టిమ్ స్కాట్‌ను సెనేట్‌కు ఎన్నుకుంది. అక్కడ రిజర్వేషన్ లేదు, తెల్ల ఓటర్లు ఇష్టపడే వేశారు. అయినా తమ భావాలు పలికే అభ్యర్థిని మెచ్చడం వేరు, ఆ జాతి కష్టాన్ని గుర్తించడం వేరు.

ఉమ్మడి అనంతపురం జిల్లాలో 14 అసెంబ్లీ స్థానాలున్నాయి. మిగతా 12లో ఒక్కచోటైనా ప్రధాన పార్టీ దళితుడికి టికెట్ ఇచ్చి గెలిపించమనండి, అప్పుడు ఒప్పుకుందాం.

– ఒక పాఠకుడు, శింగనమల