పేరు మనది, పట్టా ఎవరిది?

మా ఊరికి పడమట వంక దాటితే ఒక చేను వస్తుంది. దాన్ని ఊరంతా 'మాదిగపాటి' అంటారు. భూస్వామి నోట అదే పేరు, గొర్లు కాసే పిల్లోని నోట అదే పేరు. దుక్కి దున్నితే ఇప్పటికీ కుండపెంకులు, పగిలిన తిరగలి రాళ్లు బయటపడతాయి. కానీ ఆ పాటి మీద ఏ మాదిగోనికీ సెంటు భూమి లేదు. భూమి పోయింది, పేరు మాత్రం పోలేదు. ఆ పేరెట్లా వచ్చిందని ఊళ్లో ఎవరూ అడగరు. మనమూ అడగలేదు.

మా అవ్వ చచ్చేదాకా ఒకటే మాట చెప్పేది: "ఒరే అబ్బీ, మన పాత ఊరు వంకవతల పాటి మీద ఉన్నింది. ధాత కరువులో సగం మంది పోయిరంట. మిగిలినోళ్లు ఈడికొచ్చి పడిరంట. చింతమాను కాడ మీ పెద్దోళ్లు పండుకోనుండారు." మా ఇంట్లో మొదట డిగ్రీ చదివినోణ్ణి నేను. అచ్చులో ఉంటేనే చరిత్ర అనుకున్నా. అవ్వ మాటను ముసలోళ్ల కత కింద కొట్టేసినా. తప్పు నాదే.

ధాత కరువంటే 1876-78 కరువు. 1871 జనాభా లెక్కకూ 1881 లెక్కకూ మధ్య కర్నూలు జిల్లా జనం దాదాపు నాలుగోవంతు తగ్గిపోయినారు. అవ్వకు ఈ అంకెలు తెలీవు. కానీ ఆమె చెప్పింది అదే.

మా ఊరికి రీసర్వే వస్తుందని తెలిసినాక గ్రామ పటం నకలు తెచ్చుకున్నా. మా వాడ అరుగు మీద పరిచి నలుగురు ముసలోళ్లను కూచోబెట్టినా. వాళ్లకు అక్షరం రాదు. ఇది గుట్ట, ఇది చెరువు, ఇది వంక అని చూపించి, వంక గీత మీద వాళ్ల వేలు పెట్టి నడిపించినా. ఒక మలుపు కాడ ఒకాయన వేలు ఆపి "ఇదే కదరా పాటి" అన్నాడు. అక్కడున్న సర్వే నంబరును రిజిస్టరులో చూస్తే గ్రామకంఠం. పక్క నంబరు శ్మశానం పోరంబోకు. ఇప్పుడు ఆ రెండింటి మీదా కంది పైరుంది!

పటంలో నంబరుంది, మనిషి లేడు. ముసలాయన కాడ మనిషి ఉన్నాడు, నంబరు లేదు. రెండూ కలిస్తేనే సాక్ష్యం. ఈ వ్యాసంలో నేను చెప్పేది ఇదొక్కటే.

పటాన్ని గుడ్డిగా నమ్మమని కాదు. 1800లో నిజాం ఈ సీమను కంపెనీకి అప్పజెప్పినాక మన్రో కాలంలో చేను చేనూ కొలిచినారు. నవాబు ఏలిన కర్నూలు 1839లో కంపెనీ చేతికి పోయింది. కొలిపించింది దొరలు, పేర్లు రాయించింది కరణాలు, గొలుసు మోసి రాళ్లు పాతింది మన వెట్టోళ్లు. గొలుసు మోసినోని పేరు పుస్తకంలో ఎక్కలేదు. మన వాడ పేరు చాలా పటాల్లో లేదు. పటంలో లేదంటే భూమ్మీద లేనట్టు కాదు. రాసేవానికి మనం కనపడలేదని అర్థం.

అయినా ఆ కాగితాల్లోనే మన జాడలున్నాయి. 'బేచిరాకు గ్రామం' అని రాసుంటే ఆగండి. అది ఉర్దూ మాట, దీపం లేని ఊరని అర్థం. అక్కడ ఒకప్పుడు దీపం పెట్టినోళ్లెవరు? 1858లో వేసిన ఇనాం కమిషన్ రాయించిన రిజిస్టర్లలో ఏ మాన్యం ఎవరికి, దేనికి ఇచ్చినారో ఉంటుంది. ఆర్.ఎస్.ఆర్.లో పట్టాదారు పేరు రాయాల్సిన చోట చుక్కలు పెట్టిన భూములున్నాయి. ఆ చుక్కల భూముల కోసమే 2017లో చట్టం చేసినారు. ఎఫ్.ఎం.బి.లో ఒక్కో నంబరుకు ఒక్కో బొమ్మ. పాత కొలతలు లింకుల్లో ఉంటాయి. 100 లింకులు ఒక గొలుసు, అంటే 66 అడుగులు. పది చదరపు గొలుసులు ఒక ఎకరా. మన పదో తరగతి పిల్లలు వేసే లెక్కే ఇది.

1860 నుంచి మద్రాసు ఓడల్లో నాటాల్ చెరుకు తోటలకు కూలికి పోయిన తెలుగోళ్లు ఉన్నారు. ఓడ లెక్కల్లో వాళ్ల పేరు, తండ్రి పేరు, కులం, జిల్లా, తాలూకా, ఊరు రాసినారు. కూలీలను లెక్కపెట్టుకోడానికి రాసుకున్న ఆ కాగితం పట్టుకుని ఇవాళ దక్షిణాఫ్రికా నుంచి వాళ్ల మునిమనవళ్లు తాతల ఊరు వెతుక్కుంటున్నారు. సముద్రం దాటినోళ్ల పిల్లలకు ఊరి పేరుతో కాగితముంది. వంక దాటి వచ్చిన మనకు లేదు!

"కూలి రేట్ల కోసం, ఇళ్ల స్థలాల కోసం కొట్లాడాల్సిన కాలంలో పాత పటాలెందుకు సారూ?" అని మన కార్యకర్తలే అడుగుతున్నారు. శవాన్ని పూడ్చడానికి దారి లేక రోడ్డు మీద దించిన రోజు మీకు గుర్తులేదా? డి.కె.టి. పట్టా చేతిలో ఉండి చేను చూపించలేని అక్కలు మన మీటింగులకు రాలేదా? 2020 డిసెంబరులో మొదలైన రీసర్వే, ప్రభుత్వం మారినా, విడతలుగా నడుస్తూనే ఉంది. 1923 సర్వే, హద్దుల చట్టం 13వ సెక్షన్ కింద ప్రకటన పడిందంటే ఆ హద్దే ఖాయం. ఆ తర్వాత సివిల్ కోర్టే దిక్కు. కోర్టు ఖర్చు మనం పెట్టగలమా?

అందుకే ముందే కదలాలి. సమాచార హక్కు చట్టం కింద గ్రామ పటం, ఆర్.ఎస్.ఆర్., ఎఫ్.ఎం.బి. నకళ్లు అడగండి. దరఖాస్తు ఫీజు మండలంలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువనున్నోళ్లకు అదీ లేదు. 30 రోజుల్లో జవాబియ్యాలి. 2022 ఏప్రిల్ 4న డోన్ నంద్యాల జిల్లాలోకి పోయింది కాబట్టి, పాత కాగితాలు కర్నూలు పేరు మీదే ఉంటాయని మరిచిపోవద్దు. నకలు రాగానే ముసలోళ్లను చేను మీదికి పిలుచుకపోండి. మానులు, బాయిలు, గుండ్లు, దేవర రాళ్లు ఏ పేరుతో పిలుస్తారో అదే పేరు రాయండి. ఆడోళ్లను మరిచిపోవద్దు. కలుపు తీసినోళ్లకు, పుల్లలు ఏరినోళ్లకు తెలిసినన్ని చేన్ల పేర్లు మగోళ్లకు తెలీవు. "ధాత" అంటే అది 1876నా, 1936నా అని అడగండి. 60 ఏళ్లకోసారి ఆ పేరు మళ్లీ వస్తుంది.

మా శ్మశానం కోసం అర్జీ పెట్టినాం. సర్వేయరు వచ్చి కొలిచినాడు. ఒక హద్దురాయి దొరికింది, మిగతావి ఎవరో పీకేసినారు. ఇంకా తేలలేదు. తేలేదాకా వదలం.

వేలు పెట్టి పాటిని చూపించిన ఆ ముసలాయన ఈ ఎండాకాలంలో చనిపోయినాడు. ఆయనను రోడ్డు పక్కనే పూడ్చినాం. మీ వాడలో అట్లాంటి ముసలోళ్లు ఇంకెందరున్నారు? ఈ ఆదివారమే పోయి కూచోండి.

జై భీం!